కడుపు చిన్నదయ్యాక కంచంలో మారేవి

బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారిని బంధుమిత్రులు ముందుగా అడిగేది ఎన్ని కిలోలు తగ్గారని, ఆ తర్వాత అడిగేది ఇప్పుడు అన్నం ఎంత తింటున్నారని. రెండింటికీ అంకెల్లో జవాబు చెప్పవచ్చు గాని, ఆపరేషన్ తర్వాతి బతుకులోని అసలు చిక్కు ఆ అంకెల్లో కనిపించదు. మామూలుగా లీటరు నుంచి లీటరున్నర దాకా పట్టే కడుపు ఒక్క పూటలో పదో వంతుకో, అంతకన్నా తక్కువకో కుదించుకుపోతుంది. శరీరానికి కావలసిన ప్రోటీన్, ఇనుము, కాల్షియం, బి12 విటమిన్, నీరు మాత్రం ఆ మేరకు తగ్గవు. కొన్ని మునుపటికన్నా ఎక్కువే కావలసి వస్తాయి.

బరువు తగ్గించే సూదిమందులు మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశపు మార్కెట్లోకి వచ్చాక, సూదిమందు ఉండగా ఆపరేషన్ దేనికన్న ప్రశ్న విశాఖపట్నంలోనూ తరచుగా వినిపిస్తోంది. ఆ పోలికను చివర్లో చూద్దాం. ఆపరేషన్ తర్వాత రోజువారీ జీవితం ఎలా ఉంటుందో తెలియకుండా ఆ పోలిక తూగదు.

కొవ్వు తీయరు, దారి మారుస్తారు

పొట్ట మీదో తొడల మీదో చర్మం కింద పేరుకున్న కొవ్వును గొట్టంతో లాగేయడాన్ని లైపోసక్షన్ అంటారు. అది ఆకారాన్ని దిద్దే పని. దానివల్ల ఆకలి గాని జీర్ణక్రియ గాని మారవు. బరువు తగ్గించే ఆపరేషన్, అంటే బేరియాట్రిక్ శస్త్రచికిత్స, దానితో సంబంధం లేని వ్యవహారం. ఇందులో కొవ్వు జోలికి పోకుండా జీర్ణాశయాన్నీ, కొన్ని పద్ధతుల్లో చిన్నపేగు దారినీ మారుస్తారు.

ఎక్కువగా చేసేది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని నిలువునా కోసి తీసేస్తే, 100 నుంచి 150 మిల్లీలీటర్లు పట్టే సన్నని గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే కాబట్టి, చోటుతో పాటు ఆకలి కూడా తగ్గుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో కడుపు పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగు మధ్యభాగానికి కలుపుతారు. మిగిలిన కడుపు లోపలే ఉంటుంది గాని తిండి దానిలోకి వెళ్లదు. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటబట్టే పేగు మొదటి భాగం ఈ దారిలో తప్పిపోతుంది. మినీ బైపాస్‌లో రెండు అతుకులకు బదులు ఒకే అతుకు ఉంటుంది.

ఏది మేలన్న విషయంలో వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. స్లీవ్ సాంకేతికంగా సులువు, పోషకాల లోపం కొంత తక్కువ. కానీ కొందరిలో గుండెమంట, పుల్లని త్రేన్పులు కొత్తగా మొదలవుతాయి, ముందే ఉంటే ముదురుతాయి. బైపాస్‌లో గుండెమంట సాధారణంగా తగ్గుతుంది, చాలామందిలో మధుమేహం బాగా అదుపులోకి వస్తుంది. అందుకు బదులుగా అతుకు దగ్గర పుండ్లు పడే ప్రమాదాన్నీ, జీవితాంతం మాత్రల మీద మరింత ఆధారపడటాన్నీ అంగీకరించాలి. ఇంటి తిండిలో వచ్చే మార్పుల్లో చాలావరకు రెండింటికీ ఒకటే.

రెండు రకాల శాతాల గందరగోళం

ప్రకటనల్లో 65 శాతం తగ్గారని చదివినవారికి, అదే ఆపరేషన్ గురించి వైద్యుడు 27 శాతమని చెబితే ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారనిపిస్తుంది. రెండూ నిజం కావచ్చు. గాజువాకలో ఉండే 42 ఏళ్ల మహిళను ఊహించుకుందాం. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 110 కిలోలు. బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ ఆమెకు 43. ఏడాదిన్నరలో ఆమె 30 కిలోలు తగ్గిందనుకుంటే, మొత్తం బరువులో తగ్గినది 27 శాతం. అయితే ఆమె ఎత్తుకు బీఎంఐ 25 దగ్గర ఉండవలసిన బరువు 64 కిలోలు కాబట్టి, అదనంగా ఉన్నది 46 కిలోలు. ఆ 46లో 30 పోయింది గనుక అదనపు బరువులో తగ్గినది 65 శాతం. ఏ పద్ధతిలో లెక్కవేశారో ప్రకటనలో రాయరు.

80 కిలోలకు చేరిన తర్వాత కూడా ఆమె బీఎంఐ 31. అంటే, ఎంతో విజయవంతమైన ఆపరేషన్ తర్వాతా ఆమెను చూసినవారు లావుగానే ఉందనవచ్చు. ఈలోగా ఆమె షుగర్ మాత్రలు తగ్గి ఉండవచ్చు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు సర్దుకుని ఉండవచ్చు, మోకాళ్ల నొప్పి మేడ మెట్లెక్కనిచ్చేంతగా తగ్గి ఉండవచ్చు. సన్నబడటం కోసమే ఆపరేషన్‌కు వెళ్లినవారికీ జబ్బుల కోసం వెళ్లినవారికీ ఒకే ఫలితం వేరువేరుగా కనిపించడానికి కారణం ఇదే.

ఆపరేషన్ ఎవరికి చేయాలన్న గీత కూడా ఒక్కటిగా లేదు. 1991 నాటి అమెరికా ప్రమాణం బీఎంఐ 40, జబ్బులుంటే 35. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు దాన్ని 35కూ, మధుమేహం వంటి జీవక్రియ జబ్బులున్నవారికి 30కూ దించి, ఆసియా జనాభాకు 27.5 నుంచే ఆలోచించవచ్చని చెప్పాయి. మనలో తక్కువ బరువుకే మధుమేహం రావడం దీనికి ప్రాతిపదిక. ఆరోగ్య బీమాకు సంబంధించి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన మాత్రం 40, తీవ్రమైన కొన్ని జబ్బులతో కలిపి 35 దగ్గరే ఉంది. ఈ రెండు గీతల మధ్య పడినవారికి వైద్యుడు సరేనంటాడు, బీమా కాదంటుంది.

చుక్కనీరు నుంచి మెత్తని ముద్ద దాకా

కోసి కుట్టిన చోటు మానడానికి సమయం కావాలి కాబట్టి తిండి అంచెలంచెలుగా తిరిగి వస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులు నీరు, కొబ్బరినీళ్ల వంటి తేట ద్రవాలు. తర్వాత సుమారు రెండు వారాలు పాలు, పలచని మజ్జిగ, వడకట్టిన సూపు, నీళ్లలో కలిపిన ప్రోటీన్ పొడి. ఆపై మెత్తగా మెదిపినవి, ఇంకొన్నాళ్లకు ఉడికిన మెత్తని ముక్కలు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి. ఆసుపత్రిని బట్టి ఈ గడువులు ఒకటి రెండు వారాలు అటూఇటూ మారతాయి. పక్కింటివారికి ఇచ్చిన కాగితంతో తమ కాగితం కలవలేదని కంగారుపడవలసిన పని లేదు.

ఉత్తరాంధ్ర ఇళ్లలో ఈ దశకు వెంటనే తోచేది చోడి (రాగి) అంబలి. కడుపుకు హాయిగా ఉండటం, కాల్షియం ఉండటం దాని సుగుణాలు. ప్రోటీన్ మాత్రం తక్కువ. పలచగా ఉన్నదల్లా బలమేనన్న నమ్మకంతో రోజంతా అంబలి, జావ, పళ్లరసాలతో గడిపిన మనిషికి కడుపు నిండుతుంది, కండ కరుగుతుంది.

మన భోజనపు వరస అడ్డుతిరిగే చోటు

ఆపరేషన్ తర్వాత రోజుకు కావలసిన ప్రోటీన్ కనీసం 60 గ్రాములని సాధారణంగా లెక్కవేస్తారు, చాలామందికి 80 దాకా చెబుతారు. బరువు వేగంగా తగ్గుతున్నప్పుడు శరీరం కొవ్వుతో పాటు కండనూ ఖర్చుచేస్తుంది. ప్రోటీన్, వ్యాయామం ఆ నష్టాన్ని తగ్గిస్తాయి. ఇక మన భోజనం సంగతి చూడండి. అన్నం మధ్యలో పోసుకుని, పప్పుతోనో పచ్చడితోనో మొదలుపెట్టి, కూర, పులుసు, చారు దాటి చివరికి పెరుగు దగ్గరికి వస్తాం. ప్రతి వంటకమూ అన్నం ద్వారానే నోటికి చేరుతుంది. కప్పు అన్నంలో ఉండే ప్రోటీన్ నాలుగు గ్రాముల చిల్లర. కడుపే కప్పు కన్నా చిన్నదైనప్పుడు, మొదటి నాలుగు ముద్దలకే చోటు నిండిపోయి, చేపముక్క, పెరుగు విస్తరిలోనే మిగిలిపోతాయి.

అందుకే ఆపరేషన్ తర్వాత ఆహార నిపుణులు పరిమాణం కన్నా వరస గురించి ఎక్కువగా మాట్లాడతారు: ముందు చేప, గుడ్డు, పనీర్ లేదా గట్టి పప్పు, తర్వాత కూర, చోటు మిగిలితే అన్నం. ఒక రోజు లెక్క వేసి చూద్దాం. ఉదయం రెండు గుడ్లు 12 గ్రాములు. పది గంటలకు గ్లాసు పాలు 6. మధ్యాహ్నం పులుసులోంచి తీసిన 75 గ్రాముల వంజరం ముక్క 15. సాయంత్రం 50 గ్రాముల పనీర్ 9. రాత్రి అరకప్పు గట్టి పప్పు 5 లేదా 6. ఎంతో జాగ్రత్తగా తిన్న రోజు మొత్తం 48 దగ్గర ఆగింది. మిగిలిన 12 గ్రాములకు, డబ్బాతో వచ్చే కొలత స్కూపుతో అర స్కూపు ప్రోటీన్ పొడి పడుతుంది. ఇదే రోజు ఉదయం గుడ్ల స్థానంలో రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చేప స్థానంలో పప్పన్నం పెడితే లెక్క 35 కూడా దాటదు. గుడ్డు కూడా తినని శాకాహారులకు మీల్‌మేకర్, పనీర్, గట్టి పెరుగు, పొడి లేకుండా ఈ సంఖ్యను అందుకోవడం కష్టం.

అన్నం గురించి రెండు వాదాలున్నాయి. జిగురుగా ముద్దకట్టి సన్నని దారిలో ఇరుక్కుంటుందనీ, ప్రోటీన్ చోటు తినేస్తుందనీ కొందరు నెలల తరబడి వద్దంటారు. మెత్తగా పప్పుతో మెదిపిన రెండు చెంచాల అన్నం మెత్తని దశలోనే సరిపోతుందనీ, పూర్తిగా నిషేధిస్తే మనిషి ఆ కట్టుబాటును ఎక్కువ కాలం మోయలేడనీ మరికొందరంటారు. నా దృష్టిలో రెండో వాదం మన ఇళ్లకు దగ్గర. పట్టుమని వారం రోజులు అన్నం లేకుండా ఉండని ఇంట్లో ఒక్కరికి మాత్రం వేరే వంట ఎన్నాళ్లు సాగుతుందో అందరికీ తెలిసిందే.

వేగం మరో సంగతి. పది నిమిషాల్లో కంచం ఖాళీచేసే అలవాటున్నవారికి ముద్దను బాగా నమిలి, ఇరవై ముప్ఫై నిమిషాలు తీసుకోవడం పస్తు కన్నా కష్టం. తొందరపడి మింగిన చికెన్ వేపుడు ముక్క రొమ్ములో పట్టేసినట్టవుతుంది, నోట నురగలా నీళ్లూరుతాయి, చివరికి అది తిరిగి పైకి వస్తే గాని స్థిమితం ఉండదు. పొడిగా వేయించిన మాంసం కన్నా పులుసులో ఉడికిన చేప చాలామందికి తేలిగ్గా దిగుతుంది. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊరికి ఇదొక సౌలభ్యం.

గుక్కల లెక్క

భోజనంతో నీళ్లు తాగవద్దని, తిన్న తర్వాత అరగంట ఆగమని దాదాపు ప్రతి ఆసుపత్రీ చెబుతుంది. నీరు తిండిని త్వరగా కిందికి తోసి నిండుదనాన్ని చెరుపుతుందన్నది ఒక కారణం, చిన్న కడుపులో రెండూ కలిస్తే వాంతి అవుతుందన్నది మరొకటి. రెండో కారణం అనుభవంలో రుజువయ్యేదే. మొదటిదానికి ఉన్న ప్రయోగాధారం మాత్రం బలమైనది కాదు. అయినా నియమం నిలిచింది, దాన్ని పాటించడంలో పెద్ద నష్టం లేదు కాబట్టి.

నష్టం వచ్చేది నీటి మొత్తం దగ్గర. రోజుకు కనీసం లీటరున్నర కావాలి. మెలకువగా ఉండేది 14 గంటలనుకుని, ఐదు సార్లు తినడానికి అరగంట చొప్పున, ఆగడానికి మరో అరగంట చొప్పున తీసేస్తే తాగడానికి మిగిలేది తొమ్మిది గంటలు. అంటే గంటకు సుమారు 165 మిల్లీలీటర్లు, అదీ చిన్న గుక్కల్లో. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు ఉక్కపోతకు చొక్కా తడిసిపోయే విశాఖలో ఈ లీటరున్నర కూడా చాలదు. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో రోగులు ఆసుపత్రికి తిరిగి రావడానికి గల ముఖ్య కారణాల్లో నీరు తగ్గిపోవడం ఒకటి. రక్తపోటు మాత్రలు పాత మోతాదులోనే వేసుకుంటున్నవారికి దీనితో లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి.

అనకాపల్లి బెల్లం, మాడుగుల హల్వా

తీపి తిన్న పది నుంచి ముప్ఫై నిమిషాల్లో గుండెదడ, చెమటలు, కడుపులో మెలిక, విరేచనం, పడుకోవాలనిపించేంత నీరసం. దీన్ని డంపింగ్ అంటారు. చక్కెర గాఢంగా ఉన్న తిండి చిన్నపేగులోకి ఒక్కసారిగా దిగినప్పుడు, దాన్ని పలచన చేయడానికి రక్తంలోని నీరు పేగులోకి వెళ్లడం, పేగు హార్మోన్లు ఒక్కసారిగా విడుదల కావడం దీనికి కారణాలు. బైపాస్ చేయించుకున్నవారిలో ఎక్కువ, స్లీవ్ తర్వాతా కొందరిలో కనిపిస్తుంది. పంచదార మానేశాం, అనకాపల్లి బెల్లమే వాడుతున్నాం అనేవారున్నారు. డంపింగ్ విషయంలో రెండింటికీ తేడా లేదు. మాడుగుల హల్వాలో చక్కెరకు నెయ్యి తోడవుతుంది గనుక సంగతి మరీ తొందరగా తెలుస్తుంది.

రెండో రకం తిన్న ఒకటి నుంచి మూడు గంటలకు వస్తుంది. చక్కెర వేగంగా రక్తంలో చేరడంతో ఇన్సులిన్ అతిగా విడుదలై, ఆ తర్వాత చక్కెర కిందికి పడిపోతుంది. చేతులు వణుకుతాయి, చూపు మసకబారుతుంది. అప్పటికప్పుడు తీపి తింటే గట్టెక్కుతారు గాని, అదే తీపి మరో రెండు గంటలకు ఇంకో పతనానికి దారితీయవచ్చు. ఇది పదేపదే వస్తుంటే సమస్య భోజనపు కూర్పులో ఉందని అర్థం.

జీవితాంతం మాత్రలు ఎందుకు

బలహీనతకు టానిక్కు లాంటివని అనుకుని, ఒంట్లో బాగుందనిపించగానే మానేసేది ఈ విటమిన్, ఇనుము, కాల్షియం మాత్రలనే. బి12 సంగతే తీసుకుంటే, తిండిలోని బి12ను విడదీసే ఆమ్లం, దాన్ని పేగు పీల్చుకోవడానికి కావలసిన ప్రత్యేక ప్రోటీన్ రెండూ కడుపులోనే తయారవుతాయి. కడుపు తగ్గితే రెండూ తగ్గుతాయి. అయితే కాలేయంలో బి12 నిల్వ ఏళ్ల తరబడి సరిపోయేంత ఉంటుంది కాబట్టి, మాత్రలు మానేసిన మనిషి మొదటి ఏడాది నిక్షేపంగా ఉంటాడు. అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, రక్తహీనత తర్వాతెప్పుడో వస్తాయి, అప్పటికి ఆపరేషన్‌తో వాటికి లంకె ఎవరికీ తోచదు. శాకాహారుల్లో నిల్వ మొదట్లోనే తక్కువ.

థయమిన్, అంటే బి1, దీనికి పూర్తిగా తలకిందులు. దాని నిల్వ కొన్ని వారాలకే అయిపోతుంది. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకుండా సాగుతుంటే, చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తడబడి మతి తప్పడం వంటి లక్షణాలతో మెదడుకు శాశ్వతమైన దెబ్బ తగలవచ్చు. ఇక్కడ మన ఊళ్ల అలవాటు ఒకటి ప్రమాదకరం. వాంతులతో నీరసించిన మనిషిని దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్లి గ్లూకోజ్ ఎక్కిస్తారు. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి శరీరానికి థయమిన్ కావాలి. అది లేని ఒంట్లోకి ముందుగా గ్లూకోజ్ పంపితే ఉన్న కాస్తా ఖర్చయిపోతుంది. అందుకే థయమిన్ ఇచ్చాకే గ్లూకోజ్ అన్నది వైద్యంలో స్థిరపడిన పద్ధతి. తనకు ఏ ఆపరేషన్ అయిందో ఆ క్లినిక్‌లో చెప్పడానికి రోగికి గాని వెంట వచ్చినవారికి గాని నోరు రావాలి. బయటికి తెలియకూడదని దాచుకునే ఇళ్లలో ఈ మాటే ఆలస్యమవుతుంది.

ఇనుము, కాల్షియం ఒకదానికొకటి అడ్డు. రెండింటి మధ్య రెండు గంటలైనా ఉండాలి. కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు కావాలి గాని, శరీరం ఒక్కసారికి 500 మించి సరిగా పీల్చుకోదు కాబట్టి మూడు సార్లుగా విడిపోతుంది. ఆమ్లం తక్కువున్న కడుపులో కార్బొనేట్ రూపం కన్నా సిట్రేట్ రూపం మేలు. టీ, కాఫీ ఇనుమును ఒంటబట్టనివ్వవు. పోర్టులోనో ఉక్కు కర్మాగారంలోనో షిఫ్టుల్లో పనిచేసే మనిషికి ఇదొక చిన్న టైంటేబుల్ అవుతుంది: లేవగానే ఇనుము, గంట ఆగి కాఫీ, రెండు గంటలకు మొదటి కాల్షియం, రాత్రి షిఫ్టు వారంలో ఇదంతా తారుమారు.

మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు ఊడటం చాలామందిని భయపెడుతుంది. వేగంగా బరువు తగ్గిన ఒత్తిడికి వచ్చేది చాలావరకు తిరిగి మొలుస్తుంది. ఏడాది దాటినా ఆగకపోతే ఇనుము, జింక్, ప్రోటీన్ లోపాలను పరీక్షించడం అవసరమవుతుంది. పిత్తాశయంలో రాళ్లు కూడా ఈ వేగం తెచ్చేవే, అందుకే మొదటి ఆరు నెలలు దానికి మందు ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉంది.

పాత మందులు, మద్యం, గర్భం

బరువు ఇంకా తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే రక్తంలో చక్కెర దిగివస్తుంది. తిండి తగ్గడం, పేగు హార్మోన్లు మారడం రెండూ ఇందులో ఉన్నాయి. పాత మోతాదులో ఇన్సులిన్ కొనసాగితే ప్రమాదం. ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి బైపాస్ అతుకు దగ్గర పుండ్లు పెడతాయి, పొగతాగడమూ అంతే. మద్యం మునుపటికన్నా వేగంగా రక్తంలోకి చేరుతుంది. బైపాస్ అయినవారిలో రెండో ఏడాది నుంచి మద్యానికి బానిసలయ్యేవారి సంఖ్య పెరిగిందని 2012లో వెలువడిన అమెరికా పరిశీలన చూపించింది. బరువు తగ్గితే సంతానయోగ్యత మెరుగవుతుంది గనుక, వద్దనుకున్న సమయంలోనే గర్భం రావచ్చు. పోషకాలు కుదురుకునేందుకు 12 నుంచి 18 నెలలు ఆగమంటారు, బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రల మీద నమ్మకం పెట్టుకోలేం.

వడ్డించేవారి ముందు

మన వైపు పెళ్లిలో విస్తరి ముందు కూర్చుని నాలుగు ముద్దలతో లేవడం మర్యాద తప్పినట్టే. "ఏంటమ్మా, అలా కొరుకుతున్నావ్, ఒంట్లో బాలేదా?" అని పెద్దమ్మ అడుగుతుంది, జవాబు వచ్చేలోపే గారె పడుతుంది. చెప్పుకోవడం ఇష్టంలేనివారు గ్యాస్ట్రిక్ ఇబ్బందని తప్పించుకుంటారు. చెప్పినవారికి కష్టపడకుండా తగ్గారన్న మాట ఎదురవుతుంది. పైన వేసిన లెక్కలు చూసినవారెవరైనా దీన్ని కష్టంలేని దారి అనగలరా అన్నది నా సందేహం.

బీచ్ రోడ్డు సాయంత్రాల్లో ఇంకో రకం ఇబ్బంది ఉంది. చేపముక్క నాలుగు ముద్దలకే ఆపేసే కడుపు, మురీ మిక్చర్ పొట్లాన్ని మాత్రం అడ్డుకోదు. మరమరాలు, చకోడీలు, బిస్కట్లు, ఐస్‌క్రీములు నోట్లోనే కరిగి, నిండుదనం తెలియకుండా జారిపోతాయి. ఆపరేషన్ కడుపును చిన్నది చేసిందే గాని, రోజంతా కొంచెం కొంచెంగా తినే అలవాటును ముట్టుకోలేదు.

మళ్లీ పెరగడం, సూదిమందుతో పోలిక

1987లో స్వీడన్‌లో మొదలైన దీర్ఘకాల పరిశీలనలో బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్ల నాటికి అది 25 శాతం దగ్గర నిలిచింది. కొంత తిరిగి పెరగడం ఆశించదగినదే, అది మనిషి బద్ధకానికి రుజువు కాదు. ఆకలి హార్మోన్లు తిరిగి సర్దుకోవడం, కడుపు కొంత సాగడం, చిరుతిళ్లు, నిద్రలేమి, కొన్ని మానసిక వైద్య మందులు ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. ఏది ఎంతన్నదాని మీద నిపుణుల్లో తేడాలున్నాయి.

సూదిమందుల పక్షాన ఉన్న బలం స్పష్టం. కోత లేదు, వద్దనుకుంటే ఆపవచ్చు. వెగోవీలోని సెమాగ్లుటైడ్‌తో 68 వారాల ప్రయోగంలో సగటు తగ్గుదల దాదాపు 15 శాతం, మౌంజారోలోని టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదుతో 72 వారాలకు 21 శాతం దాకా. కానీ ఆపవచ్చన్న సౌలభ్యంలోనే మెలిక ఉంది: సెమాగ్లుటైడ్ మానేసినవారిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలోపే తిరిగి వచ్చింది. కాబట్టి పోల్చవలసింది ఒకసారి ఆపరేషన్‌ను, దానితో వచ్చే జీవితకాలపు విటమిన్ మాత్రలను, ఏటా చేయించే రక్తపరీక్షలను ఒకవైపు. ఏళ్ల తరబడి వేసుకునే సూదుల ఖర్చును మరోవైపు. బీమా ఆపరేషన్ ఖర్చు భరించిన సందర్భాల్లో కూడా మాత్రలు, పరీక్షల ఖర్చు సాధారణంగా రోగి జేబుదే. ఇప్పుడు కొందరు వైద్యులు రెండింటినీ కలుపుతున్నారు. ఆపరేషన్ తర్వాత బరువు తిరిగి పెరిగినవారికి సూదిమందు ఇస్తున్నారు. ఆ సూది కూడా ఆకలిని తగ్గించే పనే చేస్తుంది గనుక, అప్పటికే చిన్నదైన కంచంలో 60 గ్రాముల ప్రోటీన్ లెక్క ఇంకాస్త బిగుస్తుంది.